తమ్ముడు చిల్కా వెళ్తున్నాడు, నేవీలో పద్ధతులు అసలెలా ఉంటాయి?

పర్లాకిమిడి_అప్ప

మాది పర్లాకిమిడి. తమ్ముడికి నేవీలో అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చిల్కాలో నేవీ ట్రైనింగ్ సెంటర్‌లో రిపోర్ట్ చెయ్యాలి. 2024 డిసెంబర్ 4న నేవీ డే పూరీ బీచ్‌లో చేశారు కదా, రాష్ట్రపతి ముర్ము గారు వచ్చినప్పుడు, అది ఫ్రెండ్స్‌తో వెళ్లి చూసొచ్చిన దగ్గర్నుంచీ వాడికి ఇదే పిచ్చి. మా వీధిలో ఆర్మీకెళ్లినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు గానీ నేవీ సంగతి ఎవరికీ తెలీదు, తెలీదు కాబట్టే అందరూ చెప్తున్నారు. ఒకాయన కనిపించిన ప్రతివాడికీ సెల్యూట్ కొట్టాలంటాడు. ఇంకొకాయన ఓడ భూమధ్యరేఖ దాటితే మొహానికి ఏదో పూసి నీళ్లలో ముంచేస్తారంటాడు. మా బాబాయైతే "నాలుగేళ్ల ఉద్యోగానికి ఇన్ని తంతులెందుకే" అని తేల్చేశాడు.

పేపర్లో రాసే క్రమశిక్షణ, దేశసేవ లాంటి మాటలు కాకుండా, రోజూ పొద్దున లేచినప్పట్నుంచి వాడి దగ్గర ఏం అడుగుతారో చెప్పగలరా? వాడికి తెలుగు, ఒడియా బాగా వచ్చు. హిందీ అంటే సినిమా హిందీనే. అమ్మ ఆవకాయ ఎంత పెట్టాలని అడుగుతోంది, అది కూడా చెప్పండి.

లంగరు_తాత

అమ్మా, నేను బరంపురంలో ఉంటాను, నేవీలో సెయిలర్‌గా చేరి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా దిగాను. మీవాడు వెళ్లే ఐఎన్‌ఎస్ చిల్కా 1980 నుంచి ఉంది, దేశంలో ఎక్కడి కుర్రాడైనా సెయిలర్ అవ్వాలంటే ముందు ఆ గేటు దాటాల్సిందే. మనకి బాలుగావ్ దగ్గరే కాబట్టి మనవాళ్లకి దాని విలువ తెలీదు, పంజాబ్ నుంచి, కేరళ నుంచి రెండు మూడు రోజులు రైలెక్కి వస్తారు పాపం.

కనిపించిన ప్రతివాడికీ సెల్యూట్ అన్నది నిజం కాదు. ఆఫీసర్‌కి చెయ్యాలి, జెండాకి చెయ్యాలి. ఓడ ఎక్కగానే వెనక వైపుండే క్వార్టర్‌డెక్‌కి చెయ్యాలి, అక్కడ మనిషన్నవాడు లేకపోయినా సరే. కొత్తలో నవ్వొస్తుంది. పొద్దున 8 గంటలకి కలర్స్, అంటే జెండా ఎగరేస్తారు. పైపు, అంటే ఈల, మోగగానే ఎవడెక్కడుంటే అక్కడే, చేతిలో బకెట్ ఉంటే కింద పెట్టి, అటు తిరిగి నిలబడిపోవాలి. మా సెల్యూట్‌లో అరచెయ్యి కిందికి తిరిగి ఉంటుంది, ఆర్మీలో ఎదుటివాడికి కనిపిస్తుంది. పాతకాలం తెరచాప ఓడల్లో చేతులకి తారు అంటుకుని ఉండేదట, అది అధికారికి చూపించకూడదని అలా మొదలైందని చెప్తారు.

ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. అసలు కష్టం వాచ్, అంటే వంతులవారీ కాపలా డ్యూటీ. ఓడ సముద్రంలో ఉందంటే రోజుని నాలుగేసి గంటల ముక్కలు చేస్తారు: రాత్రి 8 నుంచి 12, 12 నుంచి 4, 4 నుంచి పొద్దున 8, అలా. సాయంత్రం 4 నుంచి 8 మాత్రం రెండు రెండు గంటలుగా విడగొడతారు, వాటిని డాగ్ వాచ్‌లంటారు. ఎందుకంటే అలా విడగొడితే రోజుకి ఆరు కాకుండా ఏడు వాచ్‌లవుతాయి, ఒకే మనిషికి రోజూ ఆ అర్ధరాత్రి వాచే పడకుండా వంతు మారిపోతుంది. వాచ్‌కి టైముకి వెళ్తే ఆలస్యంగా వెళ్లినట్టే. చీకటిలో కళ్లు అలవాటు పడటానికి ముందే వెళ్లి నిలబడాలి. దిగేవాడు ఏ దిక్కున ఏ లైటు కనిపిస్తోంది, ఏ ఇంజన్ నడుస్తోంది, కెప్టెన్ ఏం చెప్పి పడుకున్నాడు అన్నీ అప్పజెప్తాడు, నువ్వు తీసుకున్నానని నోటితో చెప్పాలి. ఆ మాట అననంతవరకూ వాడు కదలకూడదు. నువ్వు పది నిమిషాలు లేటైతే ఆ పది నిమిషాలూ వాడి నిద్రలోంచే పోతాయి, ఇక ఆ రోజు మెస్‌డెక్‌లో, అంటే మేం తిని పడుకునే చోట, నీ మొహం ఎవడూ చూడడు. ఏ శిక్షా దానికి సాటి రాదు.

పడుకోవడానికి మూడంతస్తుల బంకు, పై బంకు దొరికితే ముక్కుకి జానెడు దూరంలో పైపులు. నీ సొంతమంటూ ఉండేది ఒక చిన్న లాకరు. కాబట్టే ఈ పద్ధతులన్నీ, అంత ఇరుకులో అంతమంది కొట్టుకోకుండా ఉండాలంటే ఎవడి వస్తువు ఎక్కడ, ఎవడు ఎప్పుడు నిద్రపోతాడు అన్నది ముందే తేలిపోయి ఉండాలి.

రాయగడ_పల్టన్

తాతగారికి నమస్తే. నేను ఆర్మీ, బిహార్ రెజిమెంట్, హవల్దార్‌గా పెన్షన్ వచ్చాను. తెలుగోడు బిహార్ రెజిమెంట్‌లో ఏంటని చాలామంది అడుగుతారు. మాది రాయగడ, రెసిడెన్స్ సర్టిఫికెట్ ఒడిశాది, ఒడిశా కుర్రాళ్లని ఆ రెజిమెంట్ తీసుకుంటుంది. అదే మా మేనమామ కొడుకు పార్వతీపురం నుంచి వెళ్లి మద్రాస్ రెజిమెంట్‌లో పడ్డాడు. ఇద్దరి ఊళ్లకీ మధ్య రైల్లో కాసేపే. ట్రైనింగ్‌లో వాడు వెల్లింగ్టన్‌లో రెజిమెంట్ నినాదం "వీర మద్రాసీ, అడి కొల్లు" అని అరుస్తుంటే నేను దానాపూర్‌లో "బిర్సా ముండా కీ జై" అని అరిచాను. నాకు మొదట్లో ఆ పేరు ఎవరిదో కూడా తెలీదు, తెల్లోళ్ల మీద తిరగబడ్డ గిరిజన నాయకుడని ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ చెప్పాకే తెలిసింది. ఆరు నెలలు తిరిగేసరికి ఎవడైనా మా పల్టన్‌ని, అంటే మా బెటాలియన్‌ని, ఒక మాట అంటే కొట్టేవాళ్లం.

2020 జూన్ 15న గల్వాన్‌లో చైనావాళ్లతో ఘర్షణలో పోయిన కల్నల్ సంతోష్ బాబు గారిది మన సూర్యాపేట, ఆయన నడిపింది మా రెజిమెంట్‌లోని 16 బిహార్ బెటాలియన్‌ని. తెలుగు ఆఫీసరు వెనకాల బిహారీలు, ఒడియా పిల్లలు వెళ్లారు. ఆర్మీలో నామ్, నమక్, నిశాన్ అంటారు చెల్లెమ్మా. పేరు, తిన్న ఉప్పు, జెండా. కసమ్ పరేడ్ రోజు మతగురువు ముందు నిలబడి మన మన గ్రంథం మీద ప్రమాణం చేస్తాం. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి అన్నీ ఒకే కప్పు కింద పెట్టి సర్వధర్మస్థల్ అంటారు, ఆఫీసర్ తన మతం ఏదైనా తన జవాన్లు మొక్కే దేవుడికి వాళ్లతోపాటు నిలబడతాడు.

కానీ మీ బాబాయి అడిగిందాంట్లో తప్పేం లేదు. పల్టన్ ఇజ్జత్ అనేది ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది. నాలుగేళ్లకి పంపించేస్తే పట్టీ పట్టకముందే ఇంటికొచ్చేస్తాడు.

ఇచ్ఛాపురం_కుర్రోడు

అక్కా నేను ఒడిశా బోర్డర్‌కి ఇటువైపు, ఆంధ్రాలో. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టాను, బీమ్ మీద పుల్‌అప్‌లు పది లాగాను, తొమ్మిదడుగుల గొయ్యి దూకాను, మెడికల్‌లో చెవి దగ్గర పోయింది. కాబట్టి అందని ద్రాక్ష అనుకున్నా పర్లేదు.

లెక్క చూడండి. మొదటి ఏడాది నెలకి 30,000 అంటారు, చేతికొచ్చేది 21,000. మిగతాది నిధిలో వేస్తారు, ప్రభుత్వం అంతే వేస్తుంది, నాలుగేళ్లయ్యాక 11 లక్షల పైచిలుకు ఇచ్చి నమస్కారం పెడతారు. వందలో 25 మందిని ఉంచుకుంటారు. మిగతా 75 మందికి పెన్షన్ లేదు. పాత పద్ధతిలో 15 ఏళ్లు చేస్తే పెన్షన్ వచ్చేది. సంప్రదాయాలు మాత్రం పాతవే కావాలి! ఆ సంప్రదాయాలైనా మనవా అంటే, పైపు ఊదడం, క్వార్టర్‌డెక్‌కి దండం, అన్నీ తెల్లోడు వదిలేసినవే.

లంగరు_తాత

> అన్నీ తెల్లోడు వదిలేసినవే

కొన్ని అవును నాయనా, కాదనను. నేవీ జెండాలో ఇంగ్లీషువాళ్ల ఎర్ర శిలువ 2001లో తీశారు, 2004లో మళ్లీ తెచ్చారు, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విమాన వాహక నౌక విక్రాంత్‌ని నౌకాదళంలో చేర్చిన రోజు మళ్లీ తీసి శివాజీ ముద్రని తలపించే ఎనిమిది మూలల గుర్తు పెట్టారు. జెండా మారింది, పొద్దున 8 గంటలకి దాని ముందు నిలబడటం మారలేదు. కొత్త ఓడని నీళ్లలోకి దింపేటప్పుడు ఇంగ్లీషువాళ్లు షాంపేన్ సీసా పగలగొడతారు, మన దగ్గర ఒక ఆడమనిషి చేత కొబ్బరికాయ కొట్టిస్తారు, అథర్వవేదం చదువుతారు. నౌకాదళం నినాదమే "శం నో వరుణః", వరుణుడు మనకి మేలు చెయ్యాలని. ఎవరు మొదలెట్టారన్నది నాకంత పెద్ద విషయంగా అనిపించదు, పనికొస్తే ఉంచుకున్నాం.

వైజాగ్‌లో ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ఓడని 2021 మే 21న సర్వీసు నుంచి పంపించేశారు, 41 ఏళ్లు పనిచేసింది. అలాంటప్పుడు సూర్యాస్తమయానికి జెండా చివరిసారి దించుతారు. కోవిడ్ వల్ల చాలా కొద్దిమందినే రానిచ్చారు, ఆ ఓడ మీద పనిచేసినవాళ్లు ఎంతోమంది ఇళ్లల్లో కూర్చుని ఫోన్లో చూశారు. ఇనుముకి ఏడవడమేంటని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు లెక్కలో మాత్రం నువ్వన్నది సరైనదే, ఆ అమ్మాయి కూడా ఆ లెక్క చూసుకునే పంపాలి.

నావికుడి_ఇల్లాలు

మాది ఒడిశాలోని జైపూర్, మావారు నేవీ, ఉండేది వైజాగ్. మగాళ్లందరూ ఓడ లోపలి సంగతులే రాస్తున్నారు. అప్పగారూ, ఇంటి సంగతి నేను చెప్తాను.

సెయిలింగ్‌కి వెళ్లేముందు ఎక్కడికి, ఎన్నాళ్లకి అని అడగకూడదు, అడిగినా చెప్పరు. తీరం దాటితే సిగ్నల్ ఉండదు. మా పెద్దాడు పుట్టినప్పుడు ఆయన సముద్రం మీదున్నారు, కబురు అందింది గానీ గొంతు వినడానికి ఓడ ఏదో రేవుకి రావాలి. నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, పిల్లాడికి బొడ్డు కూడా ఊడిపోయాక ఫోన్ వచ్చింది. పేరు ఏం పెట్టావని అడిగారు, ఇంకా పెట్టలేదు మీకోసం ఆపాను అన్నాను, అప్పుడు లైన్లో వెనకాల ఇంకెవరో "నాకివ్వు, నాకివ్వు" అంటున్నారు, వంతు ప్రకారం రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో సగం హలో హలోకే పోయింది.

అలాగని అందరూ అనుకున్నంత ఒంటరితనం కాదు. ఓడ బయటుంటే క్వార్టర్స్‌లో ఆడవాళ్లమే ఒకరికొకరం. పక్కింటి మలయాళీ ఆవిడే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. గ్యాస్ బుక్ చెయ్యడం నుంచి బ్యాంకు దాకా అన్నీ నేర్చుకున్నాను, ఇప్పుడు ఆయనొస్తే ఇంట్లో ఏది ఎక్కడుందో ఆయనకే తెలీదు. మీ తమ్ముడికి ఇప్పుడే పెళ్లి కాదనుకోండి, కానీ మీ అమ్మగారికి ఇది చెప్పి ఉంచండి: ఫోన్ రాకపోతే ఏదో అయిందని కాదు, సిగ్నల్ లేదని.

మోడరేటర్

ఒక మాట. ఏ ఓడ ఎప్పుడు ఎక్కడికి వెళ్తుందో, ఎవరు ఏ యూనిట్‌లో ఇప్పుడున్నారో దయచేసి ఇక్కడ రాయకండి. పాత సంగతులు, పేపర్లో వచ్చినవి పర్లేదు. ఇప్పటికే ఒక పోస్ట్ తీసేశాను.

గుణుపూర్_బుల్లోడు

అక్కా నేను అగ్నివీర్‌నే, ఇప్పుడు సెలవులో ఉన్నాను. మోడరేటర్ గారు చెప్పారు కాబట్టి ట్రైనింగ్ సంగతి వరకే.

చిల్కాలో మొదటి బ్యాచ్‌కి 16 వారాలు పెట్టారు. మొదటి రోజు జుట్టు పోతుంది. పొద్దున చీకటితోనే లేపుతారు. పీటీ, పరేడ్, క్లాసులు, మళ్లీ పరేడ్. కూర్చున్నవాడికి నిద్ర వచ్చేస్తుంది, క్లాసులో అందుకే నిలబెడతారు. గుంపులో ఒకడు తప్పు చేస్తే అందరం పరిగెత్తాలి. మొదట ఆ ఒక్కడి మీద కోపం వస్తుంది, కొన్నాళ్లకి ముందురోజు రాత్రే వాడి బట్టలు మనమే మడతపెట్టించేస్తాం. కిట్ మస్టర్ అని ఒకటుంటుంది, మంచం మీద మన సామానంతా పరచి చూపించాలి. సాక్సులు ఇంత మడత, బనియన్ ఇంత మడత, టోపీ ఇటు, బూట్ల అడుగు కూడా శుభ్రంగా ఉండాలి, ప్రతి దానిమీదా మన నంబరు రాసి ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క సాక్సు తీసి విదిలించాడంటే మొత్తం మంచం మళ్లీ మొదటినుంచి. ఏడుపొచ్చేది నాకు.

హిందీ గురించి భయపడకండి. అరిచే హిందీ రెండు వారాల్లో అర్థమైపోతుంది, మాట్లాడే హిందీ కొంచెం లేటు. ఒడియా వచ్చినవాడికి ఇంకా తేలిక.

ఈత మాత్రం ఇప్పట్నుంచే నేర్పించండి. రాకపోతే నేర్పుతారు, కానీ మిగతావాళ్లు ఆదివారం పడుకుంటుంటే మనం పూల్ దగ్గరుంటాం. చెరువులో ఈత వచ్చు అనుకున్నాను నేను. పైనుంచి నిటారుగా దూకమనేసరికి కాళ్లు కదల్లేదు.

ఆవకాయ వద్దు. మా బ్యాచ్‌కి గేటు దగ్గరే సంచులు తెరిపించి తినేవన్నీ పక్కన పెట్టించారు. తిండికి లోటుండదు, గుడ్లు, పాలు, చికెన్ అన్నీ ఉంటాయి, రొట్టె ఎక్కువ అన్నం తక్కువ అంతే.

పర్లాకిమిడి_అప్ప

అందరికీ చాలా చాలా థాంక్స్. నావికుడి ఇల్లాలి గారి పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు, లోపలికెళ్లి ఫోన్ చార్జర్ ఇంకోటి కొనమంది.

తాతగారూ, ఆ భూమధ్యరేఖ సంగతి చెప్పలేదు. అది ర్యాగింగ్ కాదా? తమ్ముడు కొంచెం రోషగాడు.

లంగరు_తాత

దాన్ని క్రాసింగ్ ది లైన్ అంటారమ్మా. మొదటిసారి రేఖ దాటేవాళ్లని సముద్రరాజు నెప్ట్యూన్ కొలువులో నిలబెడతారు. గడ్డం పెట్టుకుని, చేత్తో త్రిశూలం పట్టుకుని ఒక సీనియర్ కూర్చుంటాడు, నేరాలు చదువుతారు, "వీడు గురక పెట్టి సముద్రాన్ని లేపాడు" లాంటివి, నురగ పూసి గీకినట్టు నటించి నీళ్లలో తోస్తారు, తర్వాత సర్టిఫికెట్ ఇస్తారు. ఆఫీసర్లకీ అదే మర్యాద, ఒక్కోసారి వాళ్లకే ఎక్కువ. నా సర్టిఫికెట్ ఇంకా బీరువాలో ఉంది. పొద్దున తోసినవాడే సాయంత్రం పక్కన కూర్చుని తింటాడు.

ర్యాగింగ్ వేరు, అది దొంగచాటుగా జరుగుతుంది. ఎక్కడైనా ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. చెయ్యి చేసుకుంటే చెప్పుకోవడానికి డివిజనల్ ఆఫీసర్ ఉంటాడు, తన కింద ఉన్న కుర్రాళ్ల ఇంటి సంగతి, ఒంటి సంగతి చూడటం ఆయన పని. రోషం ఉండటం మంచిదే. మొదటి నాలుగు నెలలు జేబులో పెట్టుకోమను.

సముద్రం పడకపోవడం గురించి కూడా చెప్పు. ఓడ ఊగుతుంటే ఎంతటివాడికైనా వాంతులే. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా నరకం, అందుకే పొడి బిస్కెట్లు నములుతూ పని చేస్తాం, పక్కన బకెట్ కట్టుకుని. వాంతి అవుతోందని వాచ్ మానేసినవాడిని నేను చూడలేదు.

రాయగడ_పల్టన్

చెల్లెమ్మా, పరేడ్లు వాడే నేర్చుకుంటాడు, కాగితాలు మీరు చూడండి. మన తెలుగోళ్లకి ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ స్కూల్లో చేర్చేటప్పుడు ఒడియా మాస్టారు దాన్ని చివర పెట్టేస్తాడు, ఒక్కోసారి వదిలేస్తాడు. ఆధార్‌లో ఒకలా, మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంకోలా, నాన్న పేరు రేషన్ కార్డులో మూడోలా. ఇప్పుడే మెట్రిక్ ఎలా ఉంటే మిగతావన్నీ అలా చేయించెయ్యండి.

ఆర్మీలో పెళ్లైనా, పిల్లలు పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ అని రికార్డులో ఎక్కిస్తారు, అందులో పడిన అక్షరమే పెన్షన్ దాకా వస్తుంది. మా ఆవిడ పేరులో ఒక అక్షరం తేడా పడి, అది సరిచేయించడానికి నేను ఎన్ని ఉత్తరాలు రాశానో, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుని అడగమంటుంది, ఆ ఆఫీసు మళ్లీ మొదటి దాన్ని అడగమంటుంది. నేను బతికుండగా తిరిగాను కాబట్టి సరిపోయింది. మావాడొకడు పోయాక వాళ్లావిడ తిరిగింది.

ఇచ్ఛాపురం_కుర్రోడు

ఇవన్నీ బాగున్నాయి. అసలు ప్రశ్న అలాగే ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆ సాక్సుల మడత ఎవడికి కావాలి?

గుణుపూర్_బుల్లోడు

అన్నా, మా బ్యాచ్‌లో రోజూ ఇదే చర్చ. మొదట చేరినవాళ్లకి 2026 చివరికల్లా నాలుగేళ్లు నిండిపోతాయి. ఆ పాతిక శాతంలో ఎవడుంటాడో తెలీక, పక్క బంకువాడు ఫ్రెండా పోటీనా అన్నది తెలీని పరిస్థితి. రాత్రి వాచ్‌లో వాడి చేతిలో మన ప్రాణం ఉంటుంది, పొద్దున మార్కుల్లో వాడే ఎదురు. దీని గురించి పెద్దోళ్లెవరూ మాట్లాడరు. తాతగారి కాలంలో ఇది లేదు.

నిజం చెప్పాలంటే పని దగ్గర అది గుర్తు రాదు. మంటలార్పే డ్రిల్‌లో పొగలోకి ముందు ఎవడెళ్తాడని ఎవడూ లెక్కెయ్యడు. సెలవుకొచ్చి ఇలా ఇంట్లో కూర్చున్నప్పుడే లెక్కలు.

లంగరు_తాత

బుల్లోడు చెప్పింది నాకు కొత్త సంగతి, మా రోజుల్లో అందరం కలిసే ముసలాళ్లమయ్యాం. హవల్దార్ గారూ, మీరు ఏళ్లు పడుతుందన్నారు గానీ వీడి మాటలు వింటే పట్టినట్టే ఉంది. పట్టాక వదిలించుకుని ఇంటికెళ్లమనడమే అన్యాయం అంటాను నేను.

రాయగడ_పల్టన్

దాంట్లో నాకు తేడా లేదు. బుల్లోడా, ఉన్నన్నాళ్లు ఏదో ఒక ట్రేడ్ గట్టిగా పట్టుకో, డీజిల్ ఇంజనో, ఎలక్ట్రికలో. బయటికొచ్చాక సెక్యూరిటీ గార్డుకి సెల్యూట్ కొట్టడం ఒక్కటే వస్తే లాభం లేదు.

పర్లాకిమిడి_అప్ప

నాన్న ఈ చర్చ మొత్తం చదివారు. పంపడమే అన్నారు, తమ్ముడెలాగూ ఆగడు. ఆధార్ పని మీద రేపు వెళ్తున్నాం, నిజంగానే నాన్న పేరు మూడు రకాలుగా ఉంది. ట్రైనింగ్ అయ్యాక చేసే పాసింగ్ అవుట్ పరేడ్‌కి ఇంటివాళ్లని రానిస్తారా?

గుణుపూర్_బుల్లోడు

రానిస్తారు అక్కా, అమ్మానాన్నలకి పాస్ ఇస్తారు. మొదటి అగ్నివీర్ బ్యాచ్‌ది 2023 మార్చి 28న సూర్యుడు దిగాక లైట్ల కింద చేశారు, అలా చెయ్యడం అదే మొదటిసారి. కాబట్టి టైము కనుక్కుని బయల్దేరండి, రాత్రయితే తిరుగు బండి దొరకదు. బరంపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి రైల్లో బాలుగావ్. లాడ్జి ముందే చూసుకోండి, ఆ రోజు ఊరంతా మనలాంటి వాళ్లే.

ఇచ్ఛాపురం_కుర్రోడు

సరే బుల్లోడా, ఒకటి అడుగుతా, నవ్వకు. మా చెల్లి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. అమ్మాయిలని కూడా తీసుకుంటున్నారు కదా, పరుగు ఎంత?

గుణుపూర్_బుల్లోడు

అదే 1.6 కిలోమీటర్లు, మాకు ఆరున్నర నిమిషాలు, వాళ్లకి 8. సెయిలర్లుగా అమ్మాయిలు వచ్చింది మా అగ్నివీర్ బ్యాచ్‌లతోనే. ఎంపీసీ అయితే ఇంటర్ వాళ్లకుండే ఎస్‌ఎస్‌ఆర్‌కి పెట్టించు, పదో తరగతి వాళ్లకుండే ఎమ్మార్‌కి కాదు. పచ్చబొట్టు ఉంటే ముందే చూసుకోమను, మోచేతి కింద లోపలివైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడా ఒప్పుకోరు, గిరిజనులకైతే వాళ్ల ఆచారం ప్రకారం ఉన్నవి ఒప్పుకుంటారు. చెవులు మాత్రం ముందే డాక్టర్‌కి చూపించు, నీలాగా అవ్వకుండా. ఈతకి బాహుదా నదిలో వదలకు, ఎవరైనా నేర్పే చోట చేర్చు.